సంచి సోదా

"గ్రాసియాస్," అంది తెరెసీతా, సొరబుర్ర తిరిగి ఇచ్చేస్తూ.

బుర్రలో ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి గొట్టంతో పీల్చే మాటే పానీయం వంతులవారీగా తాగేచోట, థాంక్స్ అనే ఆ ముక్కకి ఒకటే అర్థం. నాకిక చాలు, నా వంతొస్తే దాటించెయ్యి అని. కడుపు నిండినవాళ్ళో, పనికి వేళ మించిపోతున్నవాళ్ళో అంటారు. బెల్టు కదలడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. తెరెసీతా తాగింది ఒక్క బుర్ర.

మిర్తా బుర్ర అందుకుంది. లోపల ఆకు ఒక పక్కకి సరిగ్గా వాలి ఉందో లేదో చూసినట్టు నటించి, ఫ్లాస్కు వంచి వేణ్ణీళ్ళు పోసి, గొట్టం నోట్లో పెట్టుకుని తనే తాగింది. తలెత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. స్టూలు జరిగిన చప్పుడు, రబ్బరు బూట్లు నాలుగడుగులు వేసిన చప్పుడు, కిటికీ కింద "జరగండే, నాకూ కాస్త చోటియ్యండి" అన్న తెరెసీతా గొంతు, అన్నీ వీపుతోనే చూసింది.

కిటికీ కింద కూర్చున్నది నెయుజా.

సాల్తో అనే ఊరి బయట ఉన్న ఆ కమలాల షెడ్డులో మిర్తాది పద్దెనిమిదో ఏడు. పొద్దున ఆరుంబావుకి ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో మాటే కలిపి పంచడం ఎవరూ అప్పగించకుండానే ఆమె పని అయింది. బుర్ర ఆమెది, వెండి గొట్టం ఆమెది, ఫ్లాస్కు ఆమెది. ఎవరి పంటికి వేడి తగలకూడదో, ఎవరు గొట్టాన్ని గరిటెలా తిప్పి ఆకు పాడుచేస్తారో, ఎవరింట్లో గొడవైతే ఆ పూట మొదటి బుర్ర ఎవరికివ్వాలో ఆమెకి తెలుసు. బుర్ర ఎటు తిరిగితే కబుర్లు అటు తిరిగేవి.

నెయుజా వచ్చి ఆరు వారాలైంది. సరిహద్దు ఊరు రివేరా నుంచి వచ్చింది. అక్కడ వీధికి ఇటు గుమ్మాలు మన దేశానివి, అటు గుమ్మాలు బ్రెజిల్‌వి. అక్కడివాళ్ళ పలుకు రెండు భాషల కలగూరగంప, అందులో ఈమె మాట మరీ అంచులు అరిగిపోయినట్టుండేది. అసలు మాట్లాడేదే తక్కువ. నలభై ఏళ్ళుంటాయి. జుట్టు చెవుల మీదికి దించి వెనక ముడేసుకునేది. ఆమె బుర్ర బ్రెజిల్‌వాళ్ళ తరహాది, మన బుర్రకి రెండింతలు. అందులో ఆకు గడ్డి మొలిచినంత పచ్చన, పిండంత మెత్తన.

"అది మాటే కాదు, మేక తినే గడ్డి," అంది మిర్తా మొదటి వారంలోనే. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ గడ్డి చుట్టూనే చేరుతున్నారు.

ఎందుకు చేరుతున్నారో మిర్తా రోజూ చూస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది. ఎవరైనా నోరు తెరిచారంటే చాలు, నెయుజా చేతిలో పని ఆపేసేది. బుర్ర ఒళ్ళో పెట్టుకుని, చెప్పేవాళ్ళ మొహంలోకి కన్నార్పకుండా చూసేది. మధ్యలో తన గోడు కలపదు, "నాకూ అంతే తెలుసా" అనదు. లోకంలో ఇంకెవ్వరూ లేనట్టు, ఈ మనిషి మాట తప్ప ఇంకే పనీ లేనట్టు చూసేది. కోడలి మీద తెరెసీతా పాడే పాత పాట మిర్తా ఫ్లాస్కులో నీళ్ళు చూసుకుంటూనే వినేది, నూరుసార్లు విన్నది కాబట్టి. అదే పాటని నెయుజా కొత్తగా వింటోంది. వినడానికి ఒక మనిషి దొరికితే ఆకు మెత్తనైతేనేం, గరుకైతేనేం?

పైగా తొడుగులు. బెల్టు దగ్గర వేసుకునే గుడ్డ తొడుగులు వేళ్ళ చివర్ల చిరిగిపోతుంటాయి. నెయుజా అడక్కుండానే ఒకరివి తీసుకెళ్ళి, మర్నాటికి ఎక్కడ చిరిగిందో తెలియకుండా కుట్టి తెచ్చేది. తర్వాత ఇంకొకరివి. మిర్తా తొడుగులకీ రెండు వేళ్ళు బయటికొచ్చాయి. అవి కనపడేలా చేతులు బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు చూసింది. నెయుజా అడగలేదు.

సైరను కూయగానే అందరూ లేచి నీలం టోపీలు పెట్టుకున్నారు.

కడిగి, మైనం పట్టించి, వేడిగాలికి ఆరబెట్టిన కమలాలు రోలర్ల మీద దొర్లుకుంటూ వస్తాయి. బెల్టుకి ఇటు ఆరుగురు, అటు ఆరుగురు. తొడిమ చీరినవి, ఎండకి మాడినవి, తొక్క మీద గజ్జి మచ్చలున్నవి ఏరి పక్క తొట్టిలో పడెయ్యాలి. కాయ కళ్ళ ముందు ఉండేది మూడు క్షణాలు. మిర్తాది ఎడమ నుంచి మూడో చోటు. దీపం సరిగ్గా కాయ మీద పడేది అక్కడే. ఆమెకెదురుగా, అటు వరసలో, నెయుజా.

ఆ రోదలో పక్కనున్న మనిషి చెవిలో అరిచినా సగమే వినపడుతుంది. అది మిర్తాకి హాయిగా ఉండేది. చేతులు కాయలు ఏరుతుంటే నోరు తన మానాన తను తిరిగేది.

"నవ్వు, బాగా నవ్వు. గుమ్మడికాయ పగిలినట్టు," అంది ఆ రోజు, ఎదుటి వరసలో నెయుజా తెరెసీతాని చూసి నవ్వుతుంటే. "నా గుంపుని లాక్కుని నవ్వుతున్నావు, దొంగపిల్లి! మీ వీధిలో నీకు దిక్కు లేకనా ఇక్కడికొచ్చావు?"

తన గొంతు తనకే వినపడలేదు. ఎండకి మాడిన కాయ ఒకటి ఆమెని దాటిపోయింది. ఎదుటి నుంచి నెయుజా చెయ్యి చాచి దాన్ని అందుకుని తొట్టిలో వేసింది. మిర్తా వైపు చూసి చిన్నగా తలూపింది. మిర్తాకి ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే మొగుడు వాల్దెమార్ చూస్తూ కూర్చున్నాడు. గూడ్సు బండి మీద పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళాం మొహం చదవడం తప్ప ఇప్పుడు ఆయనకి వేరే పని లేదు.

"ఆ ఉల్లిపాయ నీకేం ద్రోహం చేసిందే?"

"నోరు మూసుకుని రొట్టె కొయ్యండి."

"తెరెసీతాతో పోట్లాడావా?"

"దానితో నాకేం పోట్లాట? అది ఇప్పుడు రివేరా రాణిగారి కొలువులో ఉంది."

వాల్దెమార్ నవ్వాడు. "కుళ్ళు. యాభై మూడేళ్ళొచ్చాయి, బళ్ళో ఆడపిల్లల కుళ్ళు."

"కుళ్ళు కాదు. ఆ మనిషిలో ఏదో దాపరికం ఉంది. నాకు తెలుస్తుంది."

"నీకు నచ్చనివాళ్ళందరిలోనూ ఏదో ఒకటి ఉంటుందిలే."

కానీ దాపరికం ఉన్న మాట నిజం. మిర్తా ఊరికే అనలేదు. రోజూ సైరనుకి ముందు నెయుజా గదిలో మూల గోడవైపు తిరిగి నిలబడుతుంది. జుట్టు సర్దుకున్నట్టు ఒక చెయ్యి పైకి పోతుంది. తర్వాత ఏదో గబగబా చేతిరుమాల్లో చుట్టి సంచి అడుక్కి తోసేస్తుంది. చుట్టినప్పుడు గుండ్రంగా, గుప్పెట్లో పట్టేంత. మూడుసార్లు చూసింది మిర్తా. మూడుసార్లూ అదే తొందర, అదే దొంగచూపు.

గురువారం నోటీసు అంటించారు. ఎగుమతికి పోయే గింజల్లేని చిన్న కమలాలు పెట్టెల్లో తగ్గుతున్నాయట. శుక్రవారం నుంచి గేటు దగ్గర సంచులు సోదా చేస్తారు. పాతవాళ్ళ దగ్గర కాయ దొరికితే వారం సస్పెన్షను, మూణ్ణెల్ల పరీక్షలో ఉన్నవాళ్ళైతే అక్కణ్ణుంచి అటే ఇంటికి.

ఆ నోటీసు చదివాక మిర్తా నోట్లో ఆ రోజంతా బెల్లం ముక్క ఉన్నట్టే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆమె గేటు దాకా నడిచింది. పొగమంచు విడిచి పల్చటి ఎండ వచ్చింది. గేటు కాపలా పెరాల్తా గుమ్మంలో కుర్చీ వేసుకుని మోకాళ్ళు కాచుకుంటున్నాడు.

"సోదా మొదలెడుతున్నావటగా? తొంభై సంచుల్లో చెయ్యి పెడతావా ఏంటి?"

"ఏం చెయ్యను మిర్తా? మేడం స్వయంగా వచ్చి పక్కన నిలబడుతుందట."

మిర్తా చుట్టూ చూసింది. ఆవరణకి అటు చివర కుళాయి దగ్గర నెయుజా ఫ్లాస్కు కడుక్కుంటోంది. ఇంకెవ్వరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"అందరివీ ఎందుకు? ఆ రివేరా దాని సంచి ఒక్కటి అడుగుదాకా చూడు. రుమాల్లో చుట్టి దాస్తుంది. నేను చెప్పానని చెప్పకు."

పెరాల్తా ఆమెని ఒక క్షణం ఎగాదిగా చూశాడు. "నువ్వు ఇలాంటి మనిషివి కాదే," అన్నాడు.

"కాదు కాబట్టే చెప్తున్నా," అంది మిర్తా. వెనక్కి నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

మూడు గంటలకి గేటు దగ్గర వరస కట్టారు. బల్ల వేశారు. సూపర్వైజరు ఒలివేరా మేడం చేతులు కట్టుకుని నిలబడింది. తెరెసీతా సంచి చూశారు, పోనిచ్చారు. మిర్తా సంచి మూతి విప్పితే పెరాల్తా పైపైన చూసి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. బూటు లేసు కట్టుకునే నెపంతో పక్కనే ఆగింది.

నెయుజా సంచి బల్ల మీద బోర్లించారు.

మనిషి నడుస్తున్నంతసేపూ సంచి ఆ మనిషితోపాటు నడుస్తుంది. బల్ల మీద బోర్లిస్తే మాత్రం అది ఊరందరిదీ అయిపోతుంది. తువ్వాలులో చుట్టిన పెద్ద బుర్ర పడింది. పళ్ళు విరిగిన దువ్వెన, పిన్నీసుకి గుచ్చిన తాళంచెవులు, సగం తిని కాగితంలో మడిచిన రొట్టె, సూదిదారం పడ్డాయి. ఆ తర్వాత మూడు జతల తొడుగులు. మణికట్టు దగ్గర ఎవరి అక్షరం వాళ్ళది ఇంకుతో రాసి ఉంది. మిర్తా కూర్చున్నచోటి నుంచే చదివింది. మూడూ తన బల్ల దగ్గర కూర్చునేవాళ్ళవే. తనవి లేవు. ఆ క్షణంలో కూడా, ఇంకొక మనిషి బతుకు బల్ల మీద పడి ఉన్న ఆ క్షణంలో కూడా, ఆమెకి చురుక్కుమన్నది అదే.

కమలాలు లేవు. ఒక్కటీ లేదు.

పెరాల్తా అడుక్కి చెయ్యి పెట్టి రుమాలు మూట తీశాడు. విప్పితే మొహానికి రాసుకునే క్రీము డబ్బా, పాతది. ఆడించి చూశాడు. లోపల ఏదో గలగలలాడింది.

"వద్దు," అంది నెయుజా. చెయ్యి చాచింది.

"ఎందుకొద్దు? తియ్యి పెరాల్తా," అంది ఒలివేరా.

మూత తీశాడు. దూది మీద చిక్కుడు గింజంత వస్తువు ఉంది, ఒంటి రంగుది. దాన్నుంచి సన్నటి గొట్టం.

"చెవి మిషనా?" అంది ఒలివేరా. డబ్బా తీసుకుని, తలొంచి అందులోకి చూస్తూ, "ఎవరిదిది? నీదా? నీకు వినపడదా?" అంది.

నెయుజా బదులివ్వలేదు.

"నిన్నే అడుగుతున్నా. వినపడదా?"

నెయుజా కళ్ళు పెరాల్తా నోటి మీదికి పోయాయి, అతను ఏమీ అనడంలేదు. వరసలో ఎవరో ఏదో అన్నారు, అటు తిరిగింది. వెనక ఇంకెవరో అన్నారు, అటు తిరిగింది. ఒలివేరా మొహం డబ్బాలోనే ఉంది. దారి తెలియని ఊళ్ళో బస్సు దిగిన మనిషిలా నెయుజా ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెతుక్కుంటోంది. మిర్తాకి అప్పుడు అర్థమైంది. ఆ కన్నార్పని చూపు, మూల గోడవైపు తిరగడం, అంచులరిగిన మాట, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

పోయినేడు గిడ్డంగిలో బండి హారను వినపడక ఒకతని కాలు నలిగింది. వినికిడి లేనివాళ్ళు యంత్రాల దగ్గర ఉండకూడదని అప్పట్నుంచి రూలు. నెయుజా పరీక్ష ముగియడానికి ఇంకా ఆరు వారాలుంది.

"అది నాది," అంది మిర్తా.

లేసు వదిలేసి లేచి నిలబడింది. ఆ మాట అనాలని అనుకోలేదు. అన్నాక తనకే విచిత్రంగా వినపడింది.

ఒలివేరా తలెత్తింది. "నీదేంటి మిర్తా?"

"నాదే మేడం. కుడి చెవి. రెండేళ్ళైంది. నా సంచిలో ఫ్లాస్కు కారుతుంది, తడిస్తే పాడైపోతుందని ఆమెని దాచమన్నా. నలుగురికీ చెప్పుకోవాలంటే సిగ్గేసింది."

 గేటు అవతల ఆగి చూస్తున్న తెరెసీతా నోటి మీద చెయ్యేసుకుంది.

"అమ్మో, మిర్తా! అందుకేనా నిన్న రెండుసార్లు పిలిచినా పలకలేదు! నేను అలిగావనుకున్నానే తల్లీ!"

"అలగడం దేనికి?" అంది మిర్తా.

చెయ్యి చాచి, డబ్బా మూత పెట్టి, తన కోటు జేబులో వేసుకుంది. ఒలివేరా ఆమెని చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని వరస ముందు అబద్ధాలకోరంటే తనకే చిక్కు.

"వచ్చే నెల డాక్టరు వస్తాడు, అందరితోపాటు నిన్నూ చూస్తాడు. అప్పటిదాకా బెల్టు దగ్గరికి రావద్దు. సోమవారం నుంచి అట్టపెట్టెల షెడ్డులో ఉండు," అంది. తర్వాత బల్ల మీద సామాను సర్దుకుంటున్న నెయుజా వైపు తిరిగింది. ఈసారి మొహంలోకి చూసి, "నీ కన్ను మంచిది. మూడో చోటులో నువ్వు నిలబడు," అంది.

ఆ మాట నెయుజాకి బాగా అర్థమైంది. మిర్తాకి కూడా.

రెండు రోజులు ఆ డబ్బా మిర్తా ఇంట్లో అలమారాలో పంచదార పక్కన ఉంది. ఆదివారం పొద్దున వాల్దెమార్ చేపలకి పోగానే దాన్ని తీసింది. మిషను ఒక పక్క పగిలి, గోళ్ళరంగుతో అతికించి ఉంది, ఎర్రటి రంగు. తుడవడానికి చిన్న పిల్లల బ్రష్షు సగానికి కోసినది. దూది తెల్లగా, రోజూ మార్చేదిలా ఉంది. చెవిలో పెట్టుకోబోతే పట్టలేదు. వేరే చెవికి పోతపోసిన వస్తువది. అయినా అదిమి పెట్టింది. కీచుమని కూసింది. ఆ కూత వెనకే కుళాయి చుక్కలు రాళ్ళు పడ్డట్టు, తన బుస్సుమనే ఊపిరి, పక్కింటి కోడి, అన్నీ ఒకే దూరంలో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చాయి. తీసేసింది. దీన్ని పెట్టుకుని బెల్టు పక్కన నిలబడితే తల పగిలిపోదూ? అందుకే తీసి దాస్తోందన్నమాట.

ఒక్కటి మాత్రం మేలైందనుకుంది. ఆరు వారాలు ఎదురుగా నిలబడి తను కక్కిన విషంలో ఒక్క చుక్కా ఆమె చెవిన పడలేదు. దేవుడున్నాడు.

వాల్దెమార్ చేపలు లేకుండా, బోలెడు ఓదార్పుతో తిరిగొచ్చాడు.

"రేవులో నలుగురు నా భుజం తట్టారే. మీ ఆవిడకి చెవుడట, పాపం అని. నాకు మాత్రం ఈ మాట తెలియకపోయె!" దగ్గరికొచ్చి ఆమె చెవిలో అరిచాడు: "ఎవరి కోసమే ఇదంతా?"

"రివేరా రాణిగారి కోసం," అంది మిర్తా. "నన్నేమీ అడక్కండి."

ఆయన అడగలేదు. స్టవ్వు మీద నీళ్ళు పెట్టి తనే మాటే కలిపాడు. ఎప్పట్లాగే చెడగొట్టాడు.

అట్టపెట్టెల షెడ్డు ఆవరణకి ఇవతల ఉంది. రేకులు, మూడు గోడలు, నాలుగోవైపు తెరుపు. అట్ట పలకని గీతల మీద మడిచి, నాలుగు చెవులు లోపలికి తోసి, అడుగున పిన్నులు కొట్టి, వరసగా పేర్చాలి. సోమవారం మధ్యాహ్నానికి వేళ్ళ సందుల్లో అట్ట కోసుకుంది. మాట్లాడటానికి పేర్చిన పెట్టెలు తప్ప ఎవరూ లేరు. తొమ్మిదిన్నర విరామంలో అవతలి గదిలోంచి నవ్వులు వినపడ్డాయి. చెవుడని అందరూ అనుకుంటున్న మనిషికి అంత దూరం నుంచి ప్రతి నవ్వూ ఎవరిదో తెలిసింది.

తెరెసీతా ఒకసారి వచ్చింది. గుమ్మంలోంచే గొంతు చించుకుంది.

"చలిగా ఉందా అక్కా?"

"లేదు. అరవకు."

"ఆఁ?" అంది తెరెసీతా, చెవుడు తనకే వచ్చినట్టు. మళ్ళీ అరిచింది: "నీ చోటులో నెయుజా కదా! మేడం మెచ్చుకుంది! మచ్చ కాయ ఒక్కటి దాటలేదట!"

"మంచిది."

"పొద్దుట్నుంచీ నీ గురించే అనుకుంటున్నాం! పాపం అని!"

ఆమె పోయాక మిర్తా ఒక పెట్టెకి అయిదు పిన్నుల బదులు పదకొండు కొట్టింది. అన్నీ ఇచ్చేసింది తనే. ఎవరూ లాక్కోలేదు. తనే ఇచ్చింది కాబట్టి కుళ్ళుకోవడానికి కూడా హక్కు లేదేమో అనుకుంటే ఇంకా కుళ్ళొచ్చింది. డబ్బా కోటు జేబులో బరువుగా ఉంది. సోమవారం అంతా నెయుజా రాలేదు. రాకపోవడం ఒక తప్పుగా జమకట్టుకుంది.

మంగళవారం అన్నాలప్పుడు వచ్చింది.

గుమ్మంలో ఆగలేదు. మిర్తాని దాటి లోపలికి వెళ్ళి, వెనక పెట్టెల వరసకి ఆనుకుని నిలబడింది. ఎందుకలా వెళ్ళిందో మిర్తాకి క్షణం తర్వాత తెలిసింది. అక్కణ్ణుంచైతే తెరుపులోంచి వచ్చే వెలుగు మిర్తా మొహం మీద పడుతుంది.

మిర్తా డబ్బా తీసి ఇచ్చింది. నెయుజా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, ఈసారి సంచిలో కాకుండా జాకెట్టు లోపలికి దోపుకుంది.

"నిన్న వద్దామనుకున్నా. మేడం చూస్తోంది," అంది.

"ఊఁ."

మిర్తా ఒక అట్ట పలక తీసుకుంది. మడిచింది. మడుస్తూ, దాని గీతల వైపు చూస్తూ అంది:

"పెరాల్తాకి చెప్పింది నేనే."

నెయుజా కదల్లేదు. "ఏంటి?"

తప్పు ఒప్పుకోవడం అంటే తలొంచుకుని చేసే పని. చర్చిలోనైనా అంతే, మొగుడి ముందైనా అంతే. తల వంచుకుంటే సగం పని తలే చేసిపెడుతుంది. ఈ మనిషి దగ్గర ఆ వీలు లేదు. మిర్తా అట్ట కింద పెట్టింది. మొహం ఎత్తింది. వెలుగు కళ్ళలో పడింది.

"నీ సంచి చూడమని. పెరాల్తాతో. చెప్పింది నేనే."

"తెలుసు," అంది నెయుజా.

"ఎవరు చెప్పారు? పెరాల్తానా?"

"నువ్వే. కుళాయి దగ్గర ఉన్నా కదా. నువ్వు నా వైపు తిరిగి నిలబడ్డావు."

"అంత దూరం నుంచా?"

"నీ నోరు పెద్దది అక్కా. ఎంత దూరం నుంచైనా కనపడుతుంది." నెయుజా నవ్వలేదు. "కాయలు లేవుగా, చూస్తే చూడనీ అనుకున్నా. డబ్బా తెరుస్తారనుకోలేదు."

మిర్తా మనసులో లెక్కేసింది. కుళాయి నుంచి గేటుకి యాభై అడుగులు. బెల్టు వెడల్పు అయిదడుగులు.

"మరి... బెల్టు దగ్గర?"

"బెల్టు దగ్గర నువ్వు నాకెదురుగానేగా." నెయుజా అట్ట పలక అంచుని వేలితో రాస్తూ, చదివిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "దొంగపిల్లి. దిక్కులేనిది. గోతిలో కప్ప. ఇంకా చాలా ఉన్నాయి. నవ్వితే గుమ్మడికాయ పగిలినట్టుంటుందన్నావు. అది మాత్రం ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నా. నిజమే."

మిర్తా నోరు తెరిచి మూసింది. ఆ నోటిని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒక్కనాడైనా తిరిగి అనలేదేం? నేనైతే మొహం మీద కాయ పెట్టి కొట్టేదాన్ని."

"పక్కనున్నవాళ్ళకే వినపడని మాట అది. దానికి నేను బదులు చెబితే? ఎలా విన్నావని అడగరూ? నాకు ఈ పని కావాలి."

అంతే. క్షమించాననలేదు, క్షమించలేదనీ అనలేదు. అవతల ఎవరో ప్లేట్లు కడుగుతున్నారు. మిర్తా చేతులు ఏప్రానుకి తుడుచుకుంది, తడి లేకపోయినా.

"శుక్రవారం ఎందుకన్నావు, నాదని?" అంది నెయుజా.

"తెలీదు. నువ్వు అటూ ఇటూ చూస్తుంటే..." మిర్తా ఆగి, మొహం ఎదురుగా తిప్పి, ఒక్కొక్క మాటా విడిగా పలికింది. "నీ మీద ప్రేమ పుట్టి మాత్రం కాదు. నాకిప్పటికీ కుళ్ళుగానే ఉంది. నిన్నటి నుంచి ఇంకా ఎక్కువైంది. నా చోటు, నా మనుషులు. రెండు రోజులుగా ఇక్కడికి మీ నవ్వులు వినపడుతున్నాయి."

"నీకు వినపడకూడదు కదా," అంది నెయుజా.

అని, పగలబడి నవ్వింది. నిజంగా గుమ్మడికాయ పగిలినట్టే. మిర్తా ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. ఆమెకీ నవ్వొచ్చింది, ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి.

సైరను కూసింది. నెయుజా అలాగే నవ్వుతూ నిలబడింది. మిర్తా ఆమె మోచెయ్యి తట్టి, వేలు ఎత్తి షెడ్డు కప్పు మీది సైరను వైపు చూపించింది. నెయుజా నవ్వు ఆపి, సంచి భుజానికి తగిలించుకుని పరుగెత్తింది.

ఆవరణ మధ్యకి వెళ్ళాక ఒకసారి వెనక్కి తిరిగింది. మిర్తా షెడ్డు తెరుపులో నిలబడి ఉంది. గొంతు వాడలేదు. పెదాలు మాత్రం కదిపింది, తొందరపడకుండా, ఒక్కొక్క మాటా కనపడేలా:

మూడో చోట కింద నుంచి గాలి కొడుతుంది. మందపాటి మేజోళ్ళు వేసుకో.

నెయుజా తన కాళ్ళ వైపు చూసుకుంది. తలూపింది. లోపలికి పరుగెత్తింది.